కనెక్షన్ ఎవరి పేరున ఉంది?



రాత్రి రెండు గంటలకు ఆఫీసుల్లో మనుషులుండరు, కంప్యూటర్లు మాత్రం పనిలో ఉంటాయి. హైదరాబాదులో, విశాఖలో, మన పిల్లలు కొలువు చేస్తున్న న్యూజెర్సీలో, ఎక్కడ చూసినా ఆ వేళకు ఏదో ఒక జాబ్ నడుస్తూనే ఉంటుంది. ఒక చోట ఉన్న లెక్కలు తీసి, శుభ్రం చేసి, ఇంకో చోట సర్దిపెట్టడం దాని పని. పొద్దున తొమ్మిదింటికి మేనేజరు కాఫీ తాగుతూ చూసే పట్టిక అలా తయారైందే. ఆ జాబ్ గూగుల్ అనలిటిక్స్ లాంటి సేవ దగ్గరికి వెళ్లి నిన్నటి లెక్కలు ఇమ్మని అడిగితే, అది వెంటనే ఇచ్చేయదు. నువ్వెవరు, ఈ లెక్కలు చూసే హక్కు నీకెవరిచ్చారు అని అడుగుతుంది. అర్ధరాత్రి జవాబు చెప్పడానికి మనిషి ఉండడు కాబట్టి, ఆ జవాబును ముందే ఏర్పాటు చేసిపెట్టాలి. ఈనాటి ప్రసంగం ఆ ఏర్పాటు గురించే.

సంగతి తేటపడడానికి ఒక దుకాణాన్ని ఊహించుకుందాం. మంగళగిరిలో చేనేత చీరల వ్యాపారం. కొట్టుతోపాటు ఒక వెబ్‌సైట్ కూడా పెట్టారు. సైటుకు ఎంతమంది వచ్చారు, ఏ ఊరి నుంచి వచ్చారు, ఫోన్లో చూశారా కంప్యూటర్లో చూశారా, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటన నొక్కి వచ్చారా లేక వాళ్లే వెతుక్కుంటూ వచ్చారా, నిజాం బోర్డరు చీర పేజీ దాకా వచ్చి ఎక్కడ వెనక్కి తిరిగారు, ఇవన్నీ అనలిటిక్స్‌కు తెలుసు. కానీ డబ్బు చేతికొచ్చిందా, క్యాష్ ఆన్ డెలివరీ పార్సిల్ తీసుకోకుండా తిప్పి పంపారా, రంగు నచ్చలేదని చీర వాపసు వచ్చిందా అన్నది దానికి తెలియదు. ఆ లెక్క బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఉంది. యజమాని అడిగే ప్రశ్న చాలా సూటిది: ప్రకటనకు పెట్టిన డబ్బు తిరిగొచ్చిందా? దానికి ఈ రెండింటిలో ఏ ఒక్కటీ జవాబు చెప్పలేదు. రెండు లెక్కలనూ పక్కపక్కన కూర్చోబెట్టాలి.

ఆ పని చేసే సాఫ్ట్‌వేర్లనే డేటా ఇంటిగ్రేషన్ సాఫ్ట్‌వేర్లంటారు. మన కుర్రాళ్ల నోట ఈటీఎల్ టూల్స్. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల ఒక్కసారైనా నడిచినవాళ్లకు ఇన్ఫర్మాటికా, డేటాస్టేజ్ అన్న బోర్డులు కొత్త కాదు. తెలుగునాట కొన్ని వేల కుటుంబాలు ఈ చదువు మీద బతుకుతున్నాయంటే అతిశయోక్తి కాదు. వాటిలో నాకు ఇష్టమైంది కెటిల్. బెల్జియం దేశపు ఇంజనీరు మ్యాట్ క్యాస్టర్స్ దాన్ని రాశాడు. 2005 చివర్లో అందరికీ ఓపెన్‌సోర్స్‌గా ఇచ్చేశాడు. 2006లో అది పెంటాహో కంపెనీ గొడుగు కిందికి వచ్చింది, 2015లో ఆ కంపెనీని హిటాచీ వాళ్లు కొన్నారు. అందులో బొమ్మలు గీసుకునే భాగం పేరు స్పూన్, ఒక్కో పనిని నడిపేది ప్యాన్, పనులన్నిటినీ వరుసలో పెట్టి నడిపేది కిచెన్. సాఫ్ట్‌వేర్ పేర్లలో ఇంత సరసం అరుదు. ఈ కెటిల్‌లోనే గూగుల్ అనలిటిక్స్ లెక్కలు తెచ్చిపెట్టడానికి ప్రత్యేకంగా ఒక స్టెప్ ఉండేది. దాని పెట్టెలో నింపాల్సిన గడులు చూస్తే చాలు, గత ఇరవై ఏళ్లలో గుర్తింపు పద్ధతులు ఎలా మారాయో తెలిసిపోతుంది.

మొదట్లో ఆ గడులు రెండే: యూజర్‌నేమ్, పాస్‌వర్డ్. గూగుల్ 2005లో అర్చిన్ అనే కంపెనీని కొని, అదే ఏడాది నవంబరులో గూగుల్ అనలిటిక్స్‌ను ఉచితంగా విడుదల చేసింది. బయటి ప్రోగ్రాములు నేరుగా లెక్కలు తీసుకునే ఏపీఐ అనే సదుపాయం 2009లో వచ్చింది. అప్పుడు క్లయింట్‌లాగిన్ అనే పద్ధతి వాడుకలో ఉండేది. మీ జీమెయిల్ చిరునామా, పాస్‌వర్డ్ ప్రోగ్రాముకు ఇచ్చేస్తే, అది మీలా నటించి లోపలికి వెళ్లి లెక్కలు తెచ్చేది. సులువైన పద్ధతే. కానీ ఆ పాస్‌వర్డ్ అనలిటిక్స్ ఒక్కదానిదే కాదుగా! మీ ఉత్తరాలు, మీ ఫోటోలు, మీ ఫైళ్లు అన్నిటికీ అదే. సైటుకు ఎంతమంది వచ్చారో లెక్కపెట్టడానికి మీ ఇంటి ఉత్తరాలన్నీ చదివే అధికారం ఇచ్చినట్టయింది. పైగా ఆ ప్రోగ్రామును రేపు వద్దనుకుంటే పాస్‌వర్డ్ మార్చాలి. మారిస్తే మిగిలినవన్నీ ఆగిపోతాయి. ఇక ఫోనుకు ఓటీపీ వచ్చే రెండంచెల భద్రత పెట్టుకుంటే, అర్ధరాత్రి ఆ ఓటీపీ కొట్టేదెవరు?

ఈ ఇబ్బంది గూగుల్ ఒక్కదానిది కాదు. 2006, 2007 ప్రాంతంలో కొత్తగా వచ్చిన ఏ సామాజిక సైటు చూసినా, మీ స్నేహితులను వెతికిపెడతాం, మీ మెయిల్ పాస్‌వర్డ్ ఇవ్వండి అని నిస్సంకోచంగా అడిగేది. జనం అంతే నిస్సంకోచంగా ఇచ్చేవారు. పాస్‌వర్డ్ చెప్పకుండానే అనుమతి ఇచ్చే మార్గం కోసం కొందరు ఇంజనీర్లు 2006 నవంబరు నుంచి చర్చలు మొదలుపెట్టారు. ట్విట్టర్‌లో పనిచేస్తున్న బ్లేన్ కుక్ అందులో ముఖ్యుడు. 2007 చివరికి ఆ మార్గం ఓఆత్ అనే పేరుతో మొదటి రూపం దాల్చింది. 2010లో అది ఐఈటీఎఫ్ అనే ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ పత్రాల్లోకి ఎక్కింది. 2012 అక్టోబరులో రెండో రూపం వచ్చింది, దాని పత్రం నంబరు 6749. ఇవాళ మీ ఫోన్లో "గూగుల్‌తో సైన్ ఇన్ చేయండి" అని కనిపించే ప్రతి బటన్ వెనకా ఉన్నది ఈ ఓఆత్ కుటుంబమే.

అయితే ఆ రెండో రూపం సజావుగా పుట్టలేదు. ఏళ్ల తరబడి ఆ ప్రమాణానికి ముఖ్య సంపాదకుడిగా ఉన్న ఎరాన్ హామర్ 2012 జూలైలో కోపంతో తప్పుకున్నాడు, పత్రం మీద తన పేరు కూడా తీయించేసుకున్నాడు. కొత్త రూపంలో చిక్కులు ఎక్కువ, భద్రత తక్కువ అన్నది ఆయన వాదన. ఆయన మాటలో పస లేకపోలేదు. మొదటి రూపంలో ప్రతి విన్నపానికీ సంతకం ఉండేది. రెండో దాంట్లో టోకెన్ అనే అనుమతి చీటీ ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే రాజ్యం, దోవలో దొరకబుచ్చుకున్నవాడు కూడా దర్జాగా వాడుకోవచ్చు. దోవను కాపాడే బాధ్యతంతా హెచ్‌టీటీపీఎస్ మీద వేశారు. అయినా లోకం రెండో రూపాన్నే ఎంచుకుంది, ఎందుకంటే రాయడం తేలిక. గూగుల్ కూడా 2012 ఏప్రిల్‌లోనే క్లయింట్‌లాగిన్‌ను ఉపసంహరిస్తున్నామని ప్రకటించి, మూడేళ్లు గడువిచ్చి, 2015లో మూసేసింది. పాస్‌వర్డ్ గడులున్న పాత స్టెప్‌లన్నీ ఆ దెబ్బతో పనికిరాకుండా పోయాయి.

మరి ఓఆత్‌లో జరిగేదేమిటి? సాఫ్ట్‌వేర్ మిమ్మల్ని గూగుల్ పేజీకి పంపుతుంది. పాస్‌వర్డ్ అక్కడే, గూగుల్‌కే కొడతారు. సాఫ్ట్‌వేర్‌కు అది కనపడదు. ఫలానా ప్రోగ్రాము మీ అనలిటిక్స్ లెక్కలు చదవాలంటోంది, సరేనా అని గూగుల్ అడుగుతుంది. సరే అంటే సాఫ్ట్‌వేర్ చేతికి రెండు చీటీలు వస్తాయి. ఒకటి యాక్సెస్ టోకెన్, దాని ఆయుష్షు ఒక గంట. రెండోది రిఫ్రెష్ టోకెన్. గంట గడిచాక కొత్త యాక్సెస్ టోకెన్ తెచ్చుకోవడానికి అది. చదవడానికి మాత్రమే అని ఒప్పుకుంటే, ఆ చీటీతో మార్చడం, తీసేయడం కుదరదు. వద్దనుకున్న రోజున మీ గూగుల్ ఖాతాలోకి వెళ్లి ఆ ఒక్క అనుమతినే రద్దు చేయొచ్చు. పాస్‌వర్డ్ జోలికి పోనక్కర్లేదు.

ఇంతవరకు బాగుంది. అసలు కష్టాలు ఇక్కడ మొదలవుతాయి. కనెక్షన్ పెట్టాక వారంపాటు జాబ్ ముత్యంలా నడుస్తుంది. ఎనిమిదో రోజు ఆగిపోతుంది. లాగ్ తెరిస్తే ఇన్‌వాలిడ్ గ్రాంట్ అని రెండే మాటలు. కుర్రాళ్లు ప్రోగ్రాములో తప్పు వెతుకుతారు, నెట్‌వర్క్ వాళ్లను తిడతారు, చివరికి మళ్లీ సైన్ ఇన్ చేస్తారు. మళ్లీ వారం నడుస్తుంది, మళ్లీ ఆగుతుంది. కారణం ప్రోగ్రాములో లేదు. గూగుల్ క్లౌడ్‌లో ఆ ప్రోగ్రాము కోసం తెరిచిన ప్రాజెక్టులో, అనుమతి అడిగే కన్సెంట్ స్క్రీన్ ఎక్స్‌టర్నల్ రకంగా, టెస్టింగ్ స్థితిలో ఉంటే, రిఫ్రెష్ టోకెన్‌కు ఏడు రోజులే ఆయుష్షు. ప్రయోగాల కోసం పెట్టిన స్థితిని అసలు పనికి వాడేసరికి వచ్చిన తంటా ఇది. టోకెన్ చెల్లకపోవడానికి ఇంకా కారణాలున్నాయి. ఆరు నెలలు వాడకుండా వదిలేసినా చెల్లదు. ఒకే ప్రోగ్రాముకు ఒకే ఖాతా నుంచి వందకు మించి టోకెన్లు తీసుకుంటే, అన్నిటికంటే పాతది చడీచప్పుడు లేకుండా రద్దవుతుంది.

వీటన్నిటినీ మించిన చిక్కు ఇంకొకటి ఉంది. ఆ "సరే" అన్న బటన్ నొక్కినవారెవరు? మన చీరల దుకాణంలోనైతే, బహుశా వెబ్‌సైట్ చేసిచ్చిన కుర్రాడు. తన సొంత జీమెయిల్‌తో. ఏడాది తర్వాత అతను బెంగుళూరు వెళ్లిపోతాడు, లేదా యజమానితో పేచీ వచ్చి మానేస్తాడు. అద్దెకున్నవాళ్ల పేరున కరెంటు మీటరు తీసుకుంటే, వాళ్లు ఖాళీ చేసిన రోజున ఇంటివాళ్లు పడే పాట్లు మీకు తెలుసు. ఇదీ అదే తంతు. లెక్కలు కంపెనీవి, సాఫ్ట్‌వేర్ కంపెనీది, మధ్యలో కనెక్షన్ మాత్రం వెళ్లిపోయిన మనిషి పేరున. పెద్ద కంపెనీల్లో ఇంకో రకం. ఉద్యోగి రాజీనామా చేసిన సాయంత్రమే అతని ఖాతా మూసేస్తారు, ఆ రాత్రి జాబ్ పడిపోతుంది. ఆ రెండింటి మధ్య సంబంధం ఉందని ఎవరికీ తట్టడానికి రెండు రోజులు పడుతుంది.

అందుకే మనిషి లేని వేళ నడిచే పనికి మనిషి ఖాతా పనికిరాదు. యంత్రానికి దాని ఖాతా దానికి ఉండాలి. గూగుల్ దాన్ని సర్వీస్ అకౌంట్ అంటుంది. ఇది పెట్టడానికి చాలా చోట్ల పని ఉంటుంది, అవన్నీ వేర్వేరు తెరల మీద ఉండటం వల్లే జనం తికమకపడతారు.

మొదట గూగుల్ క్లౌడ్‌లో ఒక ప్రాజెక్టు తెరవాలి. ఆ ప్రాజెక్టులో అనలిటిక్స్ డేటా ఏపీఐని ఎనేబుల్ చేయాలి. తర్వాత సర్వీస్ అకౌంట్ సృష్టించాలి. దానికి ఒక మెయిల్ చిరునామా వస్తుంది, చివర జీసర్వీస్‌అకౌంట్ డాట్ కామ్ అని పొడుగ్గా ఉంటుంది. చూడటానికి మెయిలే గానీ ఇన్‌బాక్స్ ఉండదు. ఆ అకౌంటుకు ఒక కీ తీసుకోవాలి. బటన్ నొక్కగానే ఒక జేసన్ ఫైల్ మీ కంప్యూటర్లోకి దిగుతుంది. అది దిగేది ఒక్కసారే. ప్రైవేట్ కీ నకలు గూగుల్ తన దగ్గర ఉంచుకోదు, పోగొట్టుకుంటే కొత్తది తీసుకోవడమే.

ఇంతా చేసి జాబ్ నడిపితే, నాలుగు వందల మూడు అనే ఎర్రర్ వస్తుంది, పర్మిషన్ డినైడ్ అని. ఎంతమంది దీని దగ్గర ఆగిపోతారో! గూగుల్ క్లౌడ్‌లో ఖాతా పుట్టించినంత మాత్రాన అనలిటిక్స్‌లో దానికి చోటు దొరకదు. అవి రెండూ వేరు రాజ్యాలు. అనలిటిక్స్‌లోకి వెళ్లి, అడ్మిన్‌లో ప్రాపర్టీ యాక్సెస్ మేనేజ్‌మెంట్ తెరిచి, కొత్త ఉద్యోగిని చేర్చినట్టే ఆ పొడుగు చిరునామాను చేర్చాలి. మెయిల్ ద్వారా తెలియజేయమంటారా అని ఒక టిక్ ఉంటుంది, అది తీసేయండి, చదివేవారెవరూ లేరు. హోదా వ్యూయర్ చాలు. తొందరలో అడ్మినిస్ట్రేటర్ ఇచ్చేసేవాళ్లను చూస్తుంటాను. ఎందుకండీ? లెక్కలు చదివి వచ్చే ప్రోగ్రాముకు ప్రాపర్టీని, అంటే సైటు లెక్కల ఖాతానే, చెరిపేసే అధికారం దేనికి?

ఎర్రర్ నంబర్లను చదవడం నేర్చుకుంటే సగం శ్రమ తగ్గుతుంది. నాలుగు వందల ఒకటి వస్తే, నువ్వెవరో నాకు తెలియలేదు అని. అప్పుడు టోకెన్ చూసుకోవాలి. నాలుగు వందల మూడు వస్తే, నువ్వెవరో తెలుసు గానీ ఇక్కడ నీకు హక్కు లేదని. అప్పుడు అనలిటిక్స్‌లో చేర్చారో లేదో చూడాలి, ప్రాజెక్టులో ఏపీఐని ఎనేబుల్ చేశారో లేదో చూడాలి. ఈ రెండూ సరిగ్గా ఉన్నా పని కాకపోతే ప్రాపర్టీ నంబరు చూడండి. అనలిటిక్స్‌లో జీ అక్షరంతో మొదలయ్యే ఒక కోడ్ ఉంటుంది, అది వెబ్‌సైటులో అతికించడానికి. ఏపీఐకి కావలసింది అది కాదు, ఉత్త అంకెల ప్రాపర్టీ ఐడీ. సైటు చేసినవాళ్ల దగ్గర మొదటిది కంఠతా ఉంటుంది కాబట్టి దాన్నే ఇస్తారు.

ఇక ఆ కీ ఫైల్ లోపల ఏముందో చూద్దాం. సర్వీస్ అకౌంట్ చిరునామా ఉంటుంది, బిగిన్ ప్రైవేట్ కీ అని మొదలయ్యే ఒక పొడుగాటి అక్షరాల ముద్ద ఉంటుంది. ఇది పాస్‌వర్డ్ లాంటిది కాదు, ఎక్కడికీ పంపరు. సాఫ్ట్‌వేర్ ఒక చిన్న విన్నపపత్రం తయారుచేస్తుంది: నేను ఫలానా, ఈ హక్కు కావాలి, ఈ పత్రం ఫలానా సమయం నుంచి ఫలానా సమయం వరకు చెల్లుతుంది. దాని మీద ఆ కీతో సంతకం పెట్టి గూగుల్‌కు పంపుతుంది. గూగుల్ తన దగ్గరున్న పబ్లిక్ కీతో సంతకం సరిచూసి, గంట ఆయుష్షున్న టోకెన్ ఇస్తుంది. రహస్యం మీ సర్వర్ దాటి పోదు. ఈ పద్ధతిలో ఉన్న అందమంతా ఇదే.

అయితే ఆ పత్రంలో సమయం ఉందన్నాను కదా. సర్వర్ గడియారం కాస్త ముందుకో వెనక్కో జరిగితే, కీ సరైనదే అయినా గూగుల్ ఒప్పుకోదు. మళ్లీ అదే ఇన్‌వాలిడ్ గ్రాంట్. చిన్న కంపెనీల్లో మూలన పడి ఉండే సర్వర్లకు ఇది మామూలు జబ్బు. గడియారాన్ని సమయం సరిచేసే ఎన్‌టీపీతో కలిపిపెడితే వదులుతుంది. ఇంకో జబ్బు, ఆ అక్షరాల ముద్దను కాపీ చేసి సాఫ్ట్‌వేర్ గడిలో అతికించేటప్పుడు పంక్తుల గుర్తులు చెడిపోవడం. ఫైలును ఫైలుగానే ఇవ్వండి. ఫైర్‌వాల్ ఉన్న ఆఫీసుల్లో రెండు చిరునామాలకు దారి అడగాలి, టోకెన్ ఇచ్చేది ఒకటి, లెక్కలు ఇచ్చేది ఇంకొకటి. ఒకదానికే అడిగి, సగం పని అయి సగం కాక తల పట్టుకుంటారు.

పాత కెటిల్ స్టెప్‌లో జేసన్ బదులు పీ ట్వెల్వ్ రకం ఫైల్ అడిగేవారు. దానికి గూగుల్ పెట్టిన పాస్‌వర్డ్ ఏమిటో తెలుసా? నాట్ ఏ సీక్రెట్. రహస్యం కాదు అని! అందరికీ అదే. నవ్వొస్తుంది గానీ అందులో నిజాయితీ ఉంది. ఆ పాస్‌వర్డ్ మిమ్మల్ని కాపాడదు, ఫైలును మీరే కాపాడుకోవాలి అని ముఖం మీదే చెప్పారు. కెటిల్ తన సొంత ఫైళ్లలో డేటాబేస్ పాస్‌వర్డ్‌లు దాచేటప్పుడు ముందు ఎన్‌క్రిప్టెడ్ అని రాస్తుంది. అది చూసి ధీమాగా ఉండేవాళ్లున్నారు. మామూలుగా అది పైపైన వేసిన ముసుగే, తెలిసినవాళ్లు క్షణంలో విప్పేస్తారు. దానికంటే రహస్యం కాదు అన్నదే నయం.

కీ ఫైల్ ఎక్కడ ఉండకూడదో చెబుతాను, ఎక్కడ ఉండాలో దాన్నిబట్టి తెలిసిపోతుంది. వాట్సాప్‌లో ఉండకూడదు. మెయిల్ అటాచ్‌మెంట్‌గా ఉండకూడదు. ప్రోగ్రాముతో కలిపి, మార్పుల చరిత్ర దాచే గిట్‌లో అస్సలు ఉండకూడదు. ఒకసారి గిట్‌లో పడితే, తర్వాత తీసేసినా పాత చరిత్రలో అలాగే మిగిలి ఉంటుంది. అలా పడిందని తెలిస్తే దాచడానికి ప్రయత్నించకుండా ఆ కీని కన్సోల్‌లో రద్దు చేసి కొత్తది తీసుకోవాలి. రద్దు చేసినా, అప్పటికే ఇచ్చిన టోకెన్ దాని గంట గడువు తీరేదాకా పనిచేస్తూనే ఉంటుంది, ఆ తర్వాతే ఆగుతుంది. ఒక్కో సర్వీస్ అకౌంటుకు పది కీల దాకా ఉండవచ్చు కాబట్టి, కొత్తది పెట్టి, జాబ్ నడిచాక పాతది తీసేయడానికి ఏ అడ్డూ లేదు. ఈ కీలు బయటపడి జరుగుతున్న నష్టం గూగుల్‌కూ తెలుసు. 2024 మే తర్వాత గూగుల్ క్లౌడ్‌లో కొత్తగా చేరిన సంస్థలకు ఈ కీలు తీసే వీలును ముందే ఆపేసి ఇస్తున్నారు. అవసరమని నిర్వాహకులు అనుకుంటేనే తెరుచుకుంటుంది. సర్వర్ కూడా క్లౌడ్‌లోనే ఉంటే, అసలు కీ ఫైల్ లేకుండానే గుర్తింపు తెచ్చుకునే పద్ధతులు ఇప్పుడున్నాయి. కుదిరితే అదే మేలు.

ఇంత కష్టపడి కనెక్షన్ పెట్టడం దేనికి, అనలిటిక్స్ తెరిచి చూస్తే లెక్కలు కనిపిస్తాయిగా అని ఎవరైనా అడగవచ్చు. 2023 జూలై 1 దానికి జవాబు చెప్పింది. ఆ రోజు నుంచి పాత యూనివర్సల్ అనలిటిక్స్ కొత్త లెక్కలు తీసుకోవడం మానేసింది. ఏడాది తర్వాత, 2024 జూలై 1 నుంచి, పాత లెక్కలు చూసుకునే వీలు కూడా లేకుండా పోయింది. కొత్తగా వచ్చిన జీఏ ఫోర్‌లోకి పాత చరిత్ర రాలేదు. రాత్రి జాబ్ పెట్టుకుని, ఏళ్ల తరబడి లెక్కలను తమ డేటాబేస్‌లోకి తెచ్చుకున్నవాళ్ల దగ్గర పదేళ్ల దసరా సీజన్ల చరిత్ర ఉంది. సైటులోనే ఉంటుందిలే అనుకున్నవాళ్ల దగ్గర లేదు. జీఏ ఫోర్ ఉచిత రకంలోనూ, వాడుకరి స్థాయి వివరాలు మొదట పెట్టి ఉన్న ప్రకారం రెండు నెలలే నిలుస్తాయి, మనం మార్చుకుంటే పద్నాలుగు నెలలు. అంతకుమించి కావాలంటే మన దగ్గరికి తెచ్చుకోవడమే. లెక్క మనది, ఇల్లు వాళ్లది. ఇల్లు ఎప్పుడు కూల్చాలో వాళ్లిష్టం.

పాత కెటిల్ స్టెప్ కూడా ఆ మార్పుతోనే మూలపడింది, ఎందుకంటే అది మాట్లాడేది పాత ఏపీఐతో. ఇప్పుడు అదే సాఫ్ట్‌వేర్‌లో ఉన్న సాధారణ రెస్ట్ స్టెప్‌తో కొత్త డేటా ఏపీఐని పిలవవచ్చు. లేదా జీఏ ఫోర్ లెక్కలను నేరుగా గూగుల్ వాళ్ల డేటా గోదాము బిగ్‌క్వెరీకి పంపించుకుని అక్కడి నుంచి తెచ్చుకోవచ్చు. ఉచిత రకంలో రోజుకు పది లక్షల ఈవెంట్ల దాకా అలా పంపనిస్తారు. మంగళగిరి చీరల దుకాణానికి అది చాలు, ఇంకా మిగులుతుంది. దారి ఏదైనా గుర్తింపు ఏర్పాటు మారలేదు, అదే సర్వీస్ అకౌంట్, అదే కీ.

కనెక్షన్ కుదిరాక కూడా రెండు విషయాల్లో జాగ్రత్త అవసరం. ఒకటి, నిన్నటి లెక్క ఈ రాత్రికే పూర్తిగా సిద్ధం కాదు. జీఏ ఫోర్ లెక్కలు కుదురుకోవడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. అందుకని ప్రతి రాత్రీ నిన్నటి ఒక్క రోజే కాకుండా, వెనకటి మూడు రోజులవీ మళ్లీ తెచ్చి పాతవాటి మీద రాయడం మంచి పద్ధతి. రెండోది, ప్రాపర్టీ టైమ్ జోన్. అమెరికాలో ఉన్న బంధువు ఖాతా తెరిచిపెట్టి కాలిఫోర్నియా సమయం వదిలేశాడనుకోండి, చలికాలంలో మనకు మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు అనలిటిక్స్‌లో కొత్త రోజు మొదలవుతుంది. బిల్లింగ్‌లో శుక్రవారం అమ్మకాలు, అనలిటిక్స్‌లో గురువారం సందర్శకులు కలిసిపోతాయి. అంకెలు కలవట్లేదని సాఫ్ట్‌వేర్‌ను అనుమానించే ముందు ఇది చూడండి.

ఇంత చెప్పాక, ఇది కంప్యూటరు వాళ్ల గోల, మాకెందుకు అనుకోకండి. డిజిలాకర్ నుంచి మీ పత్రం ఇంకో సంస్థకు ఇచ్చేటప్పుడు మీ అనుమతి అడిగే పేజీ వస్తుంది చూడండి, దాని లోపల ఉన్నదీ ఓఆత్ పద్ధతే. బ్యాంకు లెక్కలను మీ సమ్మతితో ఇంకో సంస్థకు చేరవేసే అకౌంట్ అగ్రిగేటర్లకు రిజర్వ్ బ్యాంకు 2016లో నియమాలు పెట్టింది. అక్కడా ఆలోచన ఇదే: పాస్‌వర్డ్ ఇవ్వకుండా, ఏ లెక్క, ఎందుకు, ఎంతకాలం అన్నది చెప్పి, వద్దనుకుంటే వెనక్కి తీసుకునే హక్కు ఉంచుకుని ఇవ్వడం. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకునే హక్కును గుర్తించింది. అయినా లోన్ యాప్‌కు నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, ఒకప్పుడు మెయిల్ పాస్‌వర్డ్ ఇచ్చినంత నిస్సంకోచంగా.

కాబట్టి శ్రోతలకు నా విన్నపం. ఇంట్లో ఉన్నవాళ్లు మీ గూగుల్ ఖాతా సెట్టింగ్స్‌లో భద్రత విభాగం తెరిచి, బయటి యాప్‌లకు ఇచ్చిన అనుమతుల జాబితా ఒకసారి చూసుకోండి. ఎప్పుడో ఆడి మానేసిన ఆట, పెళ్లి కార్డు చేసుకున్న సైటు ఇంకా అందులో ఉండవచ్చు, తీసేయండి. ఆఫీసులో ఉన్నవాళ్లు, రాత్రి నడిచే మీ జాబ్‌లు ఏ ఖాతాతో నడుస్తున్నాయో రేపే కనుక్కోండి. అది ఎవరి సొంత జీమెయిల్ అయినా, వాళ్లు ఇంకా మీ దగ్గరే పనిచేస్తున్నప్పుడే మార్చండి.